బొగ్గు నుసి, కల్లుప్పు, కాస్త వెనిగర్

బిట్రగుంటలో బొగ్గింజన్లు తిరిగినన్నాళ్ళూ ఎండాకాలం వస్తే మా అమ్మకి ఒకటే దిగులు. ఎండ దండిగా కాస్తుంది, ఆ ఎండలో ఏదీ ఆరబెట్టుకునే యోగం మాత్రం లేదు. మా క్వార్టర్సు లోకోషెడ్డుకి తూర్పు పక్కన ఉండేవి. నెల్లూరు జిల్లాలో మే నెల పడమటి గాలి ఎట్టా ఉంటుందో తిన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. పొద్దెక్కినప్పటి నుంచి మధ్యాహ్నం దాకా మొహాన కొడుతూనే ఉంటుంది. ఆ గాలి షెడ్డు మీదుగా వచ్చేది. వస్తూ వస్తూ అక్కడ ఆవిరి పోసుకుంటూ నిలబడ్డ ఇంజన్ల పొగంతా మోసుకొచ్చి మా పెరట్లో దింపేది. మాగాయ ముక్కలు పూటసేపు విప్పి పెడితే చాలు, పచ్చటి ముక్కల మీద ఆవాలు చల్లినట్టు నల్లటి నుసి.

అందుకని మా ఇంట్లో ఎండపెట్టే వేళలు ఊళ్ళో వాళ్ళ వేళలు కావు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఎప్పుడో గాలి తిరిగి సముద్రం వైపు నుంచి వచ్చేది. అమ్మ దండెం మీద ఒక తువ్వాలు ఆరేసి, అదెటు ఊగుతుందో వంటింటి కిటికీలోంచి కనిపెట్టుకుని ఉండేది. అటు ఊగేది ఇటు ఊగిందంటే "విప్పండే, విప్పండే" అని కేక. నులకమంచం మీద పాత చీర, చీర మీద ముక్కలు, పైన నాయన పాత పంచె, పంచె అంచుల మీద గులకరాళ్ళు. మాకు కాకుల కాపలా. కాపలా కాసినంతసేపట్లో ఎన్ని ముక్కలు మా నోట్లోకి పోతాయో అమ్మకి బాగా తెలుసు. కాయలు కొనేటప్పుడే ఆ తరుగు కూడా లెక్క వేసుకునేది.

పక్క క్వార్టర్ ఆంటీ ఈ తతంగమంతా మెట్ల మీద కూర్చుని చూస్తుండేది. "ఏం పాపా, నీ మాంగా ఇంకా సన్‌బాత్ చేస్తా ఉందా?" అని నవ్వేది. అమ్మ ఆమెకన్నా బాగా చిన్నది, అందుకని పాపా అనేది. మేం ఆంటీ అంటుంటే విని విని అమ్మ కూడా ఆమెని ఆంటీ అనే పిలిచేది. "మీకేం ఆంటీ, సీసాలో పోసి మూతేస్తారు. మాకు సూర్యుడు కావాల" అని అమ్మ జవాబు.

బిట్రగుంటలో అప్పట్లో ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు బాగానే ఉండేవి. డ్రైవర్లు, గార్డులు, ఫోర్‌మన్లు. మద్రాస్ అండ్ సదరన్ మహ్రట్టా రైల్వే కాలంలో వచ్చినవాళ్ళ పిల్లలు, మనవలు. ఆ రైల్వే 1951లో దక్షిణ రైల్వేలో కలిసిపోయింది. 1966లో మా విజయవాడ డివిజన్ని కొత్తగా పెట్టిన దక్షిణ మధ్య రైల్వేలో చేర్చారు. ఇన్ని మార్పులు జరిగినా పక్కింటి అంకుల్ మాత్రం పదవీ విరమణ దాకా "ఎం అండ్ ఎస్సెమ్" అనే అన్నాడు. ఆయన డ్రైవరు. మా నాయన అప్పటికి ఫైర్‌మన్, అంటే ఇంజను పొయ్యిలో బొగ్గు వేసేవాడు. ఇంజను మీద ఇద్దరూ కలిసి పోయే రోజులు కూడా ఉండేవి.

రన్నింగ్ స్టాఫ్ ఇళ్ళలో నిలవ పచ్చడంటే సరదాకి నంజుకునేది కాదు. కాల్‌బాయ్ అర్ధరాత్రి వచ్చి తలుపు తడతాడు. తెల్లారేలోగా బండెక్కాలి. మళ్ళీ ఇంటికి ఎప్పుడొస్తారో గూడ్సుబండికే తెలియాలి. ప్రతివాడికీ ఒక లైన్ బాక్సు ఉండేది. అందులో రూల్సు పుస్తకం, దీపం, బట్టలు, ఒక మూలన తిండి. వేసవిలో ఇంజను మీద వేడికి మామూలు కూర పూట దాటకుండానే పులిసిపోతుంది. అందుకని అమ్మ పులిహోరో చద్దన్నమో కట్టి, పక్కన ఆవకాయ, వేయించిన ఊరమిరపకాయలు, ఎండురొయ్యల పొడి సర్దేది. రోజంతా పొయ్యి ముందు బొగ్గు విసిరే మనిషికి చెమటలో ఉప్పంతా పోతుంది కదా, "సాయంత్రమయ్యేసరికి ఒట్టి ఆవకాయ ఊట నాకినా తియ్యగుంటది" అనేవాడు నాయన. అంకుల్ బాక్సులో బ్రెడ్డు, ఉడికించిన గుడ్లు, ఆంటీ చేసిన వంకాయ పచ్చడి. రన్నింగ్ రూములో, అంటే బండి దిగిన సిబ్బంది పడుకునే గదిలో, ఇద్దరూ సీసాలు మార్చుకునేవాళ్ళు. ఆంటీ పచ్చడి రుచి మా ఇంటికి మొదట అట్టా నాయన వేళ్ళ చివర్ల మీదుగానే వచ్చింది.

అమ్మ నమ్మకమంతా ఉప్పు మీద. అదీ ఏ ఉప్పంటే ఆ ఉప్పు కాదు. మాకు ఇస్కపల్లి ఉప్పుమళ్ళు దగ్గర. ఎద్దులబండి మీద కల్లుప్పు వేసుకుని కొలిచి అమ్మేవాళ్ళు వచ్చేవాళ్ళు. అమ్మ మొట్టమొదట అడిగే మాట, "కొత్తదా, పాతదా?" ఆ ఏడు తీసిన ఉప్పయితే కూరలకి కొద్దిగా తీసుకునేది, ఊరగాయకి ముట్టుకునేది కాదు. సముద్రపు నీటిలో మామూలు ఉప్పుతో పాటు మెగ్నీషియం లవణాలు కూడా ఉంటాయి. కొత్తగా తీసిన ఉప్పు చెమ్మగా, కాస్త చేదుగా ఉండేది వాటివల్లే. గట్టు మీద కుప్ప పోసి, తాటాకు కప్పి నిలవ ఉంచితే ఆ చేదంతా నీరై కారిపోతుంది. అమ్మకి మెగ్నీషియం సంగతి తెలియదు. ఒక ఉప్పుకల్లు నోట్లో వేసుకుని కొరికేది. పటుక్కుమంటే పాత ఉప్పు, మెత్తగా దిగితే కొత్తది. బండివాడు ఏం చెప్పినా పంటి మాటే చివరి మాట.

ఆ ఉప్పుని ఎర్రటి ఎండలో ఆరబెట్టి (దీని మీద నుసి పడితే చూడటానికి ఇంకా అన్యాయంగా ఉండేది), రోట్లో దంచి, జల్లించి డబ్బాలో పోసేది. కొలతంతా సోలతోనే. నాలుగు సోలల ముక్కలకి ఆవపిండి సోల, కారం సోల, ఉప్పు సోల. ఆవపిండి, కారం గోపురం పెట్టి కొలిచేది, ఉప్పుకి మాత్రం అంచు మీద చెయ్యి అడ్డంగా లాగి సమం చేసేది. ఈ లెక్క పట్టుకుని ఇప్పుడు ప్యాకెట్ సన్న ఉప్పుతో ఆవకాయ పెట్టి "ఉప్పు కషాయం అయిపోయింది" అని ఫోను చేసేవాళ్ళు మా చుట్టాల్లో ఏటా ఒకరైనా ఉంటారు. సోల అదే సోల, కానీ సన్న ఉప్పు సందు లేకుండా సర్దుకుంటుంది. బరువులో ఎక్కువ పడుతుంది. పాత కొలతలు దంచిన కల్లుప్పుకి కట్టినవి. కాటా ఉంటే తూకంతో వేసుకోండి, గొడవుండదు.

మూడో రోజు జాడీ వాసెన విప్పినప్పుడు కనిపించే ఊటని చూస్తే అమ్మ మొహం విప్పారేది. ముక్కలు పొడి గుడ్డతో తుడిచి వేశాం, నీటి చుక్క తగల్లేదు, మరి ఈ నీరెక్కడిది? కాయలోదే. ఉప్పు బయట ఉండి లోపలి నీటిని లాగేస్తుంది. ముక్కలోని నీటిని ఎట్టా లాగుతుందో, దాని మీద వాలిన సూక్ష్మజీవుల ఒంట్లోని నీటినీ అట్టాగే లాగుతుంది. అవి ఎండి చస్తాయి, లేదంటే కదల్లేక పడుంటాయి. మాగాయలో ఈ పని మరీ బాహాటంగా జరుగుతుంది. ముక్కల్ని ఉప్పు, పసుపుల్లో మూడు రోజులు ఊరేసి, గట్టిగా పిండేసి, ముక్కల్ని విడిగా, ఊటని విడిగా ఎండలో పెట్టి, మళ్ళీ కలుపుతాం. నీటిని ఒకసారి ఉప్పు లాగుతుంది, ఇంకోసారి ఎండ లాగుతుంది.

జువ్వలదిన్నె నుంచి గంపలు నెత్తిన పెట్టుకుని వచ్చే ఆడవాళ్ళ సరుకులోనూ ఈ సూత్రమే. నెత్తళ్ళలాంటి చిన్న చేపల్ని ఇసుక మీద పరిచి ఊరికే ఎండబెడతారు. పెద్ద చేపయితే అట్టా కుదరదు, ఎండ లోపలికి చేరేలోగా కుళ్ళిపోతుంది. కడుపు చీల్చి, శుభ్రం చేసి, ఉప్పు కూరి, తొట్టిలో ఊరేసి, అప్పుడు ఎండలోకి. అమ్మ ఆ ఉప్పుచేప ముక్కని నీళ్ళలో నానేసి, ఉప్పు కొంత వదిలించి, వేయించి పప్పుచారు పక్కన పెట్టేది. ఆ వాసన లేచిన రోజు ఆంటీ గోడ మీంచి తల పెట్టి, "పాపా, ఒక పీస్ నాకు!" అనేది. మిగతా వీధి ముక్కు మూసుకునేది.

ఇక ఆంటీ సంగతి. ఆమెకి జాడీలు లేవు, అన్నీ గాజు సీసాలు. ఎండ అక్కర్లేదు. వెనిగర్ ఉంటే చాలు. అంకుల్ మద్రాసు వెళ్ళినప్పుడు సీసాలు తెచ్చేవాడు. అయిపోతే ఆమె దిగులు పడేది కాదు. మా వైపు తాళ్ళకి కొదవా? కల్లు తెప్పించి, పింగాణీ జాడీలో పోసి, మూతి మీద పల్చటి గుడ్డ కట్టి, వంటింటి మూల చీకట్లో వదిలేసేది. ముందు పులిసిన కల్లు వాసన వచ్చేది, కొన్ని వారాలు పోయాక అది పోయి ముక్కులో గుచ్చే ఘాటు మొదలయ్యేది. పైన జిగట తెట్టు కట్టేది. ఆ తెట్టుని ఆంటీ పారేసేది కాదు, కొంత తీసి తర్వాతి జాడీకి తోడేసేది. కల్లులోని మద్యాన్ని గాలిలోని ఆక్సిజన్ సాయంతో అసిటిక్ ఆమ్లంగా మార్చే బాక్టీరియా ఇల్లు ఆ తెట్టే. ఇక్కడే అమ్మకి ఆశ్చర్యం. మన ఊరగాయ జాడీలోకి గాలి పోకూడదని వాసెన బిగించి, పైన నూనె తేలిందో లేదో చూసి మరీ దాస్తాం. ఆమె జాడీకి గాలి తగలకపోతే అసలు పనే జరగదు. గుడ్డ కట్టేది ఈగలు పడకుండా మాత్రమే.

"పులిసి పాడైపోయిన కల్లు ఊరగాయలో పోస్తారంటనే అమ్మా!" అని అమ్మ మా అమ్మమ్మకి చెప్పినప్పుడు ఆమె నోటి మీద చెయ్యేసుకుంది. కానీ అమ్మమ్మ చేసే ఊరమిరపకాయల మాటేమిటి? మిరపకాయలకి గాటు పెట్టి, ఉప్పేసిన పుల్లమజ్జిగలో నానేసి, పగలు ఎండబెట్టి, రాత్రి మళ్ళీ ఆ మజ్జిగలోనే వేసి, మజ్జిగ మొత్తం ఇగిరిపోయేదాకా రోజులు గడిపేది. పాలు పులిస్తే మజ్జిగ, కల్లు పులిస్తే వెనిగర్. ఒకదానిలో లాక్టిక్ ఆమ్లం, ఇంకోదానిలో అసిటిక్ ఆమ్లం. చింతకాయ తొక్కులో పులుపు కాయలోంచే వస్తుంది. మన ఇళ్ళలో వెనిగర్ లేకపోవడానికి కారణం మనకి పులుపు తక్కువై కాదు. పులుపు చెట్ల మీదే కాస్తుంటే మళ్ళీ సీసాలో దేనికి? గూడూరు, పొదలకూరు నిమ్మతోటలు పక్కనే పెట్టుకుని కల్లుని పులియబెట్టుకుంటూ కూర్చునే అవసరం ఎవరికుంది?

ఆంటీకి అవసరం ఎందుకొచ్చిందో నాకు పెద్దయ్యాక అర్థమైంది. వాళ్ళ వంటలో వంకాయకి, చేపకి, మాంసానికి కూడా పచ్చడి ఉంది. వీటిలో దేనికీ సొంత పులుపు లేదు. మామిడికాయకి, ఉసిరికాయకి, నిమ్మకి ఉప్పు తగిలిస్తే చాలు, మిగతాది కాయే చూసుకుంటుంది. వంకాయని ఉప్పేసి వదిలేస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా? ఆంటీ వంకాయ ముక్కలకి ఉప్పు రాసి, నీరు ఓడ్చి, నూనెలో మగ్గించి, మసాలా అంతా వెనిగర్‌తో రుబ్బి వేసి, చివర పంచదార కూడా వేసేది. ఊరగాయలో పంచదార అనేసరికి అమ్మకి మొదట్లో మింగుడు పడలేదు. తర్వాత దోసెల్లోకి అదే కావాలని మేం పేచీ పెడితే ఊరుకుంది.

ఆ ఇంటి వంటగదికీ మా వంటగదికీ కొన్ని చట్టాలు మాత్రం ఒకటే. మసాలా రుబ్బేటప్పుడు నీటి చుక్క తగలకూడదు. రోలు కడగాల్సి వస్తే ఆంటీ వెనిగర్‌తోనే కడిగేది. తడి గరిటె పెట్టిన పిల్లలకి అక్కడైనా ఇక్కడైనా ఒకే రకం తిట్లు, భాష ఒకటే తేడా. ఇత్తడి, రాగి గిన్నెల్లో పచ్చడి ఉంచకూడదు, కిలుము పడుతుంది. ఇనప మూత సీసా అయితే మూత కింద కాగితం మడిచి పెట్టాలి, లేకపోతే తుప్పు రాలి పచ్చట్లో పడుతుంది. హార్లిక్స్ సీసాలు రెండిళ్ళలోనూ ఒకే సేవ చేసేవి.

క్రిస్మస్‌కి ముందు ఆంటీ ఇంట్లో ఇంకో జాడీ వెలిసేది. మాంసాన్ని ముళ్ళ చెంచాతో పొడిచి, ఉప్పు, నిమ్మరసం, కాస్త సురేకారం పట్టించి, జాడీలో కుక్కి, పైన చెక్క పలక, పలక మీద బరువు. ఆ బరువు పట్టాల్ని కలిపే ఫిష్‌ప్లేటు ముక్క, గుడ్డలో చుట్టింది. రైల్వే ఇల్లన్నాక ఆ మాత్రం ఉండాలి. రోజూ ఒకసారి తీసి తిరగేసి మళ్ళీ బరువు పెట్టేది. అది సాల్ట్ బీఫ్, మా ఇంట్లో తినరు. ఆ సంగతి ఆంటీకి తెలుసు, మాకు వేరే ప్లేటులో కుల్‌కుల్స్, గులాబీపువ్వులు లాంటి పిండివంటలు వచ్చేవి. సురేకారం అంటే నైట్రేటు. మాంసం ఎర్రగా ఉండటానికి, చెడు సూక్ష్మజీవుల్ని ఆపడానికి అది పనికొస్తుంది గానీ, మోతాదు మించితే ప్రమాదం. ఆంటీ చిటికెలతో కొలిచేది. ఇప్పుడు ఎవరైనా ఇంట్లో చేస్తానంటే నేను వద్దంటాను.

ఈ రెండు ఇళ్ళూ కలిసి చేసిన పచ్చడి ఒకటుంది. రొయ్యలది. జువ్వలదిన్నె గంపలో రొయ్యలు చవగ్గా దిగిన రోజున అమ్మ గంప సగం బేరమాడేది. ఒలిచే పని అందరిదీ. మా ఇంట్లో ఉప్పు, పసుపు వేసి రొయ్యల్లో నీరంతా ఇగిరేదాకా బాండీలో తిప్పి, తర్వాత నువ్వుల నూనెలో వేయించేవాళ్ళం. అప్పటికి ఆంటీ ఎండుమిరపకాయలు, జీలకర్ర, ఆవాలు వెనిగర్‌లో నానేసి, వెల్లుల్లి, అల్లంతో కలిపి మెత్తగా రుబ్బి సిద్ధంగా ఉండేది. ఆ ముద్దని నూనెలో సన్న సెగ మీద, నూనె పైకి తేలేదాకా వేపి, రొయ్యలు వేసి, ఇంకాస్త వెనిగర్ పోసి ఉడకనిచ్చేవాళ్ళు. ఆ ఆవిరికి మేం పిల్లలం దగ్గుతూ పెరట్లోకి పరిగెత్తేవాళ్ళం.

అక్కడ ఏటా ఒక తగువు. అమ్మ నిమ్మరసం పోద్దామంటుంది, ఆంటీ వెనిగరే అంటుంది. అమ్మ వాదన, నిమ్మరసంలో వాసన ఉంది, వెనిగర్‌లో ఉన్నది ఘాటు మాత్రమే. ఆంటీ వాదన, నిమ్మరసం పొయ్యి మీద పోస్తే చేదెక్కుతుంది, దించాక పోస్తే మసాలాకి పట్టదు, పైగా నాలుగు వారాలకి పచ్చడి నల్లబడుతుంది. నిజం చెప్పాలంటే ఇద్దరిదీ నిజమే. చివరికి రెండు భాగాలు చేసేవాళ్ళు. నాయన బాక్సులోకి మాత్రం ఏ వాదనా లేకుండా వెనిగర్‌ది పోయేది. ఆ విషయం నాయన చెప్పాడని అమ్మ కొన్నాళ్ళు మూతి ముడుచుకుంది కూడా.

ఇప్పుడు చదివి తెలుసుకున్నదాని బట్టి ఆ తగువులో ఆంటీ పక్షాన ఒక గట్టి కారణం ఉంది, ఆమె చెప్పనిది. నూనె పైన తేలితే బూజు రాదు, ఎందుకంటే బూజుకి గాలి కావాలి. కానీ బొటులిజం అనే ప్రాణాలు తీసే తిండి విషపు జబ్బు తెచ్చే సూక్ష్మజీవికి గాలి లేని చోటే ఇష్టం. దాన్ని ఆపేది పులుపు. పులుపుని కొలిచే పీహెచ్ (అంకె తగ్గేకొద్దీ పులుపెక్కువ) 4.6 కన్నా తక్కువ ఉంటే అది పెరగలేదు. పచ్చి మామిడి, నిమ్మ ఆ గీతకి బాగా కింద ఉంటాయి. రొయ్య, చేప, మాంసం, వెల్లుల్లి పైన ఉంటాయి. అంటే నూనెలో తేలే రొయ్యల పచ్చడికి పులుపు రుచి కోసం కాదు, కావలి కోసం. నిమ్మరసమూ ఆ కావలి కాస్తుంది. కానీ కాయ కాయకీ పులుపు మారుతుంది, పిండేవాళ్ళ చెయ్యి మారుతుంది. కొన్న వెనిగర్‌లో అసిటిక్ ఆమ్లం కనీసం 3.75 శాతం ఉండాలని మన దేశంలో నియమం ఉంది కాబట్టి కొలత నిలకడగా ఉంటుంది. కల్లుతో ఇంట్లో చేసినదానికి ఈ ధీమా లేదు. ఆంటీ నాలుక చెప్పేది. నా నాలుకకి అంత చదువు లేదు, నేను సీసానే కొంటాను. సీసా మీద సింథటిక్ అని ఉంటే అది అసిటిక్ ఆమ్లాన్ని నీళ్ళతో పల్చన చేసినది, పులియబెట్టినది కాదు. నిలవకి రెండూ పనికొస్తాయి. రుచికి మాత్రం పులియబెట్టినదే.

తర్వాత డీజిల్ ఇంజన్లు, కరెంటు ఇంజన్లు వచ్చాయి. షెడ్డు మూసేశారు. బదిలీల మీద సగం కాలనీ ఖాళీ అయింది. అంకుల్ రిటైరయ్యాక వాళ్ళు కొన్నాళ్ళు మద్రాసులో ఉండి, పిల్లల దగ్గరికి పెర్త్ వెళ్ళిపోయారు. వెళ్ళే ముందు ఆంటీ తన రోలు అమ్మకిచ్చింది. అమ్మ దాంట్లో ఎన్నడూ వెనిగర్ పోయలేదు, పండుమిరప కారం తొక్కేది. పొగ లేని బిట్రగుంటలో మాగాయ ముక్కలు రోజంతా ఎండేవి. "ఇంత ఎండ పెట్టుకుని ఏం చేసుకోను, ఇల్లంతా పిల్లలు లేరాయె" అనేది.

అమ్మకి చివరి ఏళ్ళలో బీపీ వచ్చింది. డాక్టరు ఉప్పు తగ్గించమంటే ముందు తగ్గించింది ఆవకాయలో. ఆ ఏడు శ్రావణంలోనే జాడీలో తెల్లటి పొర కనిపించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకి 5 గ్రాముల లోపు ఉప్పు చాలంటుంది. నిలవ ఊరగాయ ఆ మాట వినదు. ఈ రెంటికీ రాజీ ఎక్కడంటే, ఉప్పు సరిగ్గా వేసి కొంచెంగా తినడం, లేదా ఉప్పు తగ్గించి కొద్దికొద్దిగా పెట్టి ఫ్రిజ్‌లో దాచుకోవడం. ఉప్పూ తగ్గాలి, జాడీ ఏడాదంతా అటక మీద ఉండాలంటే కుదరదు. అమ్మ మాత్రం మొదటి దారే ఎంచుకుంది. ముక్క చిన్నదయింది, ఉప్పు మళ్ళీ సోలకి సోల.

ఈమధ్య అంగట్లో కొన్న ఆవకాయ సీసా తిప్పి చూశాను. వెనక సన్నటి అక్షరాల్లో ఐఎన్ఎస్ 260 అని ఉంది. అసిటిక్ ఆమ్లం. ఆంటీ వెనిగర్ మా అమ్మ ఆవకాయలోకి దొడ్డిదారిన వచ్చేసింది! ఏ చెట్టు కాయ, ఏ పులుపు అని చూసుకునే తీరిక లేకుండా ఒకేసారి వేల సీసాలు నింపేవాళ్ళకి అది భరోసా అనుకుంటాను. తప్పు పట్టను. కానీ నాలుక మీద వేసుకోగానే ఆవ ఘాటు కంటే ముందు ఆ ఘాటు ముక్కుకి తగిలింది. మామిడికాయలో వెనిగర్ పోయడం నాకు ఇప్పటికీ అన్యాయంగానే తోస్తుంది. పులుపు లేనిదానికి పోయండి, నేనే గరిటె అందిస్తాను.

రొయ్యల పచ్చడి మా ఇంట్లో ఇప్పటికీ రెండు రకాలు. నేను ఆంటీ పద్ధతిలో, కిలో ఒలిచిన రొయ్యలకి ఒక పెద్ద గ్లాసు వెనిగర్ మసాలాలోనే పోసేస్తాను, అయినా నా తృప్తికి ఫ్రిజ్‌లోనే పెడతాను. మా చెల్లెలు గూడూరు నిమ్మకాయలు తప్ప ముట్టుకోదు. "నీది ఆస్పత్రి వాసనొస్తది అక్కా" అంటుంది. ఈ సంక్రాంతికి తమ్ముడింటికి ఇద్దరం చెరో సీసా పట్టుకుపోతున్నాం. మా మరదలుది విజయవాడ, ఈ తగువులో ఆమెకి పక్షం లేదు. సీసాల మీద పేర్లు రాయొద్దని ముందే చెప్పింది.